ఏళ్లు గడిచినా వదలని నడుము నొప్పి: మనసుకు చేసే చికిత్స నడుముకు ఎలా పనిచేస్తుంది?

ఏళ్ల తరబడి నడుము నొప్పితో బాధపడుతున్న మనిషికి డాక్టర్ ‘ఒకసారి సైకాలజిస్టును కూడా కలవండి’ అని చీటీ రాసిస్తే, ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటే. ‘నొప్పి నడుములో ఉంటే పిచ్చి డాక్టర్ దగ్గరికి ఎందుకు?’ ఆ మాటతో చీటీ బీరువాలోకి వెళ్లిపోతుంది. రోగికి మాత్రం ఇంకో బాధ మొదలవుతుంది. ‘నేను నాటకం ఆడుతున్నానని డాక్టర్ అనుకుంటున్నాడా?’ అని.

ఆ చీటీ అర్థం అది కాదు. నొప్పి అబద్ధమని ఎవరూ అనడం లేదు. నొప్పి నిజం. కానీ నెలలు, ఏళ్లు దాటిన నొప్పిలో వెన్నెముక ఒక్కటే కాదు, నరాలు, మెదడు, నిద్ర, భయం, దిగులు అన్నీ కలిసి ఉంటాయి. అందుకే చికిత్స కూడా ఒక్క వెన్నెముకకే చేస్తే సరిపోవడం లేదు. ఈ సంగతి తెలియక చాలా కుటుంబాలు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, ఒక స్కాన్ నుంచి ఇంకో స్కాన్‌కు తిరుగుతూ డబ్బు, ఆరోగ్యం రెండూ పోగొట్టుకుంటున్నాయి.

దీర్ఘకాలిక నొప్పి అంటే

బరువు ఎత్తినప్పుడో, కాలు జారినప్పుడో పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది. 3 నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేసే కారణాల్లో ప్రపంచంలో మొదటి స్థానం దీనిదే.

ఇందులో దాదాపు 90 శాతం కేసుల్లో నొప్పికి ఫలానా ఎముక, ఫలానా నరం కారణమని వేలు పెట్టి చూపించడం సాధ్యం కాదు. క్యాన్సర్, ఎముక విరగడం, ఇన్ఫెక్షన్ లాంటి స్పష్టమైన జబ్బు దొరికేది కొద్దిమందిలోనే. మిగతావారి నొప్పి ఉత్తుత్తిది అని కాదు దీని అర్థం. ఒకే ఒక్క చోట రిపేరు చేస్తే పోయే నొప్పి కాదని అర్థం.

స్కాన్ రిపోర్టు చెప్పేది ఎంత?

ఎమ్మారై రిపోర్టులో ‘డిస్కు ఉబ్బింది’, ‘డిస్కు అరిగింది’ అని చదవగానే సగం ప్రాణం పోతుంది. ‘వెన్నెముక అరిగిపోయిందట, ఇక బరువు ఎత్తకూడదట’ అని బంధువులందరికీ చెప్పుకుంటారు. అయితే 2015లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన వేరే విషయం చెప్పింది. నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను అందులో కలిపి చూశారు. నొప్పి లేని 20 ఏళ్ల వారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్ల వారిలో అది 96 శాతం. డిస్కు ఉబ్బు 20 ఏళ్ల వారిలో 30 శాతం, 80 ఏళ్ల వారిలో 84 శాతం.

అంటే వయసుతో జుట్టు నెరిసినట్టే వెన్నెముకలోనూ మార్పులు వస్తాయి. స్కాన్‌లో కనిపించిన ప్రతి మార్పూ నొప్పికి కారణం కానక్కర్లేదు. కొందరిలో డిస్కు నరాన్ని నొక్కి నిజంగానే కాలు లాగుతుంది. దానికి వేరే చికిత్స ఉంది. కానీ రిపోర్టులోని ఒక్క మాట పట్టుకుని జీవితాంతం మంచానికి అతుక్కుపోవడం మాత్రం తప్పు.

నొప్పి తయారయ్యేది ఎక్కడ?

1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న సంఘటన వచ్చింది. 29 ఏళ్ల భవన కార్మికుడు ఒకడు 15 సెంటీమీటర్ల మేకు మీదకు దూకాడు. మేకు బూటులోంచి పైకి వచ్చింది. కాలు కొంచెం కదిపినా కేకలు పెడుతుంటే ఆసుపత్రిలో బలమైన మత్తుమందులు ఇచ్చారు. తీరా బూటు విప్పి చూస్తే మేకు రెండు కాలివేళ్ల మధ్య నుంచి పోయింది. కాలికి గీత కూడా పడలేదు. అతను నటించాడా? లేదు. అతని కళ్లకు కనిపించిన ప్రమాదాన్ని బట్టి మెదడు నొప్పిని తయారు చేసింది. ఆ నొప్పి అతనికి పూర్తిగా నిజం.

దీనికి తిరగేసిన సంగతి యుద్ధాల్లో కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన అమెరికన్ డాక్టర్ హెన్రీ బీచర్, ఒళ్లంతా గాయాలైన సైనికుల్లో చాలామంది నొప్పి మందు వద్దనడం గమనించి రాశారు. ప్రాణంతో బయటపడ్డామన్న ఊరట వారి నొప్పిని తగ్గించిందని ఆయన భావించారు.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందని, కింది నుంచి వచ్చే సంకేతాలను అది ఎంతవరకు పైకి పంపాలో మెదడు కూడా నిర్ణయిస్తుందని వారు చెప్పారు. ఆ తర్వాత పరిశోధనలు చాలా ముందుకు వెళ్లాయి. కానీ అసలు మాట నిలిచింది. భయం, దిగులు, నిద్రలేమి గేటును తెరుస్తాయి. ధైర్యం, ధ్యాస మళ్లడం, మంచి నిద్ర దాన్ని మూస్తాయి.

దీర్ఘకాలిక నొప్పిని దొంగల అలారంతో పోల్చవచ్చు. మొదట్లో దొంగ వచ్చినప్పుడే అది మోగింది. ఇప్పుడు పిల్లి నడిచినా మోగుతోంది. దొంగ వెళ్లిపోయి ఏడాదైనా అలారం ఆగడం లేదు. ఇక బాగు చేయాల్సింది తలుపును కాదు, అలారాన్ని.

భయం తిప్పే చక్రం

కుట్టుమిషన్ మీద బతికే ఒక టైలర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒకరోజు బట్టల తాను ఎత్తబోతే నడుము పట్టేసింది. ‘వంగితే డిస్కు జారుతుంది’ అని ఎవరో అన్నారు. అప్పటి నుంచి వంగడం మానేశాడు. బెల్టు కట్టుకున్నాడు. పని తగ్గింది, ఆదాయం తగ్గింది. నమాజులో సజ్దాకు వెళ్లాలంటే భయమేసి కుర్చీ తెచ్చుకున్నాడు. పెళ్లిళ్లకు, దావత్‌లకు వెళ్లడం మానేశాడు. కదలిక లేక కండరాలు బలహీనపడ్డాయి. ఇప్పుడు చిన్న పనికే నొప్పి వస్తోంది. ‘చూశావా, నేను చెప్పలేదా’ అని భయం ఇంకా పెరిగింది. రాత్రి నిద్ర లేదు. నిద్ర లేకపోతే మర్నాడు నొప్పి ఎక్కువ.

దీన్నే నిపుణులు భయం, తప్పించుకోవడం అనే చక్రం అంటారు. నొప్పి, భయం, కదలకపోవడం, బలహీనత, దిగులు, మళ్లీ నొప్పి. మాత్ర ఈ చక్రాన్ని కొన్ని గంటలు ఆపగలదు కానీ తెంచలేదు. పైగా షాపులో కొని ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. షుగర్, బీపీ ఉన్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఏయే చికిత్సలు ఉన్నాయి?

*ప్రవర్తనను మార్చే చికిత్స:* అమెరికాలోని సియాటిల్‌లో విల్బర్ట్ ఫోర్డైస్ అనే సైకాలజిస్టు దీనికి దారి వేశారు. 1976లో ఆయన దీనిపై పుస్తకం రాశారు. నొప్పి వచ్చినప్పుడు ఆగడం, తగ్గినప్పుడు విపరీతంగా పనిచేయడం అనే అలవాటును ఇది మారుస్తుంది. నడక ఉదాహరణ చూద్దాం. రోగి ఇబ్బంది లేకుండా 10 నిమిషాలు నడవగలిగితే 8 నిమిషాలతో మొదలుపెడతారు. నొప్పి తక్కువగా ఉన్న రోజూ 8 నిమిషాలే, ఎక్కువగా ఉన్న రోజూ 8 నిమిషాలే. తర్వాత కొద్దికొద్దిగా పెంచుతారు. ఎప్పుడు ఆగాలో గడియారం చెబుతుంది, నొప్పి కాదు.

*కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ:* దీన్ని పొట్టిగా సీబీటీ అంటారు. ఆలోచన, భావం, శరీరం, పని ఈ నాలుగూ ఒకదాన్ని ఒకటి లాగుతాయన్నది దీని ఆధారం. ‘నా నడుము అయిపోయింది, ఇక నా పిల్లల గతేం కాను’ అన్న ఆలోచన వచ్చిన క్షణంలో కండరాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది. థెరపిస్టు ఆ ఆలోచనను రోగితోనే కాగితం మీద రాయిస్తారు. అందులో ఎంత నిజం, ఎంత భయం అని కలిసి చూస్తారు. ‘ఈ రోజు నొప్పి ఎక్కువగా ఉంది. పోయిన నెలా ఇలాగే వచ్చి నాలుగు రోజుల్లో తగ్గింది’ అనే సరైన మాట దగ్గరికి తెస్తారు. దీనితో పాటు నిద్ర వేళలు, పనిని ముక్కలుగా చేసుకోవడం, నొప్పి ఒక్కసారిగా ఎగసినప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవడం కూడా నేర్పుతారు.

*మైండ్‌ఫుల్‌నెస్:* 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్ జిన్ ఒక శిక్షణగా దీన్ని మొదలుపెట్టారు. మందులకు లొంగని నొప్పితో ఉన్నవారు ఆయన తొలి రోగుల్లో ఉన్నారు. నొప్పితో పోట్లాడకుండా, దాని గురించి కథలు అల్లకుండా, శ్వాస మీద, శరీరం మీద నిదానంగా ధ్యాస పెట్టడం ఇందులో నేర్పుతారు. ఆసుపత్రుల్లో నేర్పే పద్ధతిలో మంత్రాలు, పూజలు ఉండవు.

*అంగీకార చికిత్స:* ‘నొప్పి పూర్తిగా పోయాకే బతుకు మొదలుపెడతాను’ అనే పట్టును ఇది సడలిస్తుంది. కూతురి పెళ్లి, పిల్లల చదువు, జుమా నమాజు, దుకాణం ఇలా మనిషికి ముఖ్యమైనవేవో రాసుకుని, కొంత నొప్పి ఉన్నా వాటివైపు అడుగులు వేయడం దీని పద్ధతి. నొప్పికి లొంగిపోవడం వేరు, నొప్పి ఉన్నా ముందుకు నడవడం వేరు.

*కండరాల సడలింపు:* ఎడ్మండ్ జేకబ్సన్ అనే వైద్యుడు రూపొందించిన పాత పద్ధతి ఇది. పాదాల నుంచి ముఖం దాకా ఒక్కో కండరాన్ని కొన్ని సెకన్లు బిగించి వదులుతారు. పడుకునే ముందు చేస్తే నిద్రకు సాయపడుతుంది. ఖర్చు లేదు. బిగించడం వల్ల నడుము నొప్పి పెరిగితే ఆ భాగాన్ని వదిలేయవచ్చు.

*కాగ్నిటివ్ ఫంక్షనల్ థెరపీ:* ఇది చేసేది శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు. రోగి ఏ కదలికకు భయపడుతున్నాడో దాన్నే ఎంచుకుని, ఊపిరి బిగబట్టకుండా, వదులుగా మళ్లీ చేయిస్తారు. ఆస్ట్రేలియాలో 492 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మామూలు వైద్యం పొందినవారికంటే ఈ చికిత్స పొందినవారు రోజువారీ పనులు బాగా చేసుకోగలిగారు. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది.

*నొప్పిని కొత్తగా అర్థం చేసుకునే చికిత్స:* ఇది కొత్తది. ‘ఈ నొప్పి వెన్నెముక దెబ్బతిన్నదనడానికి గుర్తు కాదు, మెదడు మోగిస్తున్న తప్పుడు అలారం’ అని రోగి అనుభవంలో తెలుసుకునేలా చేస్తుంది. అమెరికాలో 151 మందితో జరిగిన ఒక పరీక్షలో, 4 వారాల చికిత్స తర్వాత 66 శాతం మంది నొప్పి పోయిందనో, దాదాపు లేదనో చెప్పారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో అది 20 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 10 శాతం. అయితే ఇది ఒకేచోట, ఎంపిక చేసిన రోగులతో జరిగిన చిన్న పరీక్ష. అందరికీ ఇదే ఫలితం వస్తుందని అనుకోకూడదు.

నిజంగా ఎంత మేలు జరుగుతుంది?

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. 2016లో అమెరికాలో 342 మందిని మూడు గుంపులు చేసి చూశారు. 26 వారాల తర్వాత రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల మైండ్‌ఫుల్‌నెస్ గుంపులో 61 శాతం మందికి, సీబీటీ గుంపులో 58 శాతం మందికి, మామూలు వైద్యం గుంపులో 44 శాతం మందికి కనిపించింది. తేడా ఉంది, కానీ కొండంత కాదు. 2020లో కాక్రేన్ సంస్థ రకరకాల దీర్ఘకాలిక నొప్పులపై 75 పరీక్షలను కలిపి చూసి, సీబీటీ వల్ల నొప్పి, ఇబ్బంది, దిగులు కొద్దిగా తగ్గుతాయని తేల్చింది.

ఇది మంత్రంలా నొప్పిని మాయం చేసేది కాదు. కానీ కొద్దిపాటి మేలే ఒక మనిషిని మంచం మీద నుంచి దుకాణం దాకా తీసుకెళ్లగలదు. కిడ్నీకి, కడుపుకు హాని లేదు. నేర్చుకున్నది చేతిలో ఉండిపోతుంది. వ్యాయామంతో కలిపి చేయడమే మంచిదని బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2016లో చెప్పాయి. 2017లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి దీర్ఘకాలిక నడుము నొప్పికి మాత్రలకంటే ముందు వ్యాయామం, సీబీటీ, మైండ్‌ఫుల్‌నెస్ లాంటివి ప్రయత్నించాలని సూచించింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోగికి అవగాహన కల్పించడం, వ్యాయామం, సీబీటీ వంటి మానసిక చికిత్సలను సిఫారసు చేసింది. నడుము బెల్టులు, ట్రాక్షన్ పట్టడం, నల్లమందు జాతి నొప్పి మందులు మామూలుగా వాడవద్దని అదే పత్రంలో ఉంది.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ఇంట్లోవాళ్ల తీరు నొప్పిని పెంచగలదు, తగ్గించగలదు. ‘రోజూ ఇదే ఏడుపు’ అని విసుక్కుంటే రోగి లోపలే కుమిలిపోతాడు. ‘నువ్వు కదలకు, గ్లాసు నీళ్లు కూడా నేనే తెస్తా’ అని ప్రేమతో కట్టేస్తే మనిషి ఇంకా బలహీనపడతాడు. ఈ రెండూ కాకుండా మధ్యదారి ఉంది. నొప్పిని నమ్మాలి, పనిని ప్రోత్సహించాలి. ‘ఇవాళ నొప్పి ఎంత?’ అని గంటకోసారి అడిగే బదులు ‘ఇవాళ మార్కెట్ దాకా నడిచొచ్చావా?’ అని అడగడం మేలు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వంట, బట్టలు, నీళ్లు, పిల్లలు, పెద్దవాళ్ల సేవ అన్నీ చేస్తూ నడుము నొప్పి అంటే ‘అందరికీ ఉండేదేలే’ అని తేల్చేస్తారు. పనిని ముక్కలుగా చేసుకోమని థెరపిస్టు చెప్పినా, మిగతా ముక్కలు ఎవరూ అందుకోకపోతే ఆ సలహా కాగితం మీదే ఉండిపోతుంది. ఇంటి పని పంచుకోవడం కూడా చికిత్సలో భాగమే.

ఊళ్లకు దూరంగా, గల్ఫ్‌లో ఉండి పనిచేసేవారికి నొప్పితో పాటు ఒంటరితనం, అప్పు భారం ఉంటాయి. ఫోన్లో ‘డబ్బు ఎప్పుడు పంపుతావ్’ అన్న మాటకు ముందు ‘నీ నడుము ఎలా ఉంది’ అన్న మాట ఉండాలి.

నమాజు, సజ్దా, కుర్చీ

నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేసుకునే వెసులుబాటు ధర్మంలో ఉంది. దాన్ని వాడుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. తీవ్రమైన నొప్పి, ఆపరేషన్, నరాల బలహీనత ఉన్నవారు డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి. అయితే ప్రమాదం లేదని డాక్టర్ చెప్పిన తర్వాత కూడా భయం వల్లే కుర్చీకి పరిమితమైనవారు కొందరుంటారు. వారికి రుకూ, సజ్దాలనే మెట్ల వారీగా సాధన చేయించవచ్చు. ముందు కుర్చీలో కూర్చొని ముందుకు వంగడం, తర్వాత నిలబడి మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగడం, ఆ తర్వాత పరుపు మీద మోకాళ్లపై కూర్చోవడం, చివరికి ఎత్తు దిండు మీద నుదురు ఆనించడం. ఒక్కో మెట్టు మీద భయం తగ్గాకే తర్వాతి మెట్టు. మెట్లు ఎన్ని ఉండాలో ఫిజియోథెరపిస్టు నిర్ణయిస్తారు.

శరీరాన్ని, మనసును కలిపి చూడాలన్న ఆలోచన ముస్లిం వైద్య చరిత్రకు కొత్తదేమీ కాదు. నేటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ల కిందటే శరీరాల, ఆత్మల మేలు గురించి ఒక గ్రంథం రాశారు. ఆయన 934లో మరణించారు. ఒంటి జబ్బుకు మందు దగ్గర పెట్టుకున్నట్టే, దిగులు, భయం ముంచుకొచ్చినప్పుడు పనికొచ్చే మంచి ఆలోచనలనూ మనిషి ముందే సిద్ధం చేసుకోవాలని ఆయన సూచించారు.

ముందు డాక్టర్‌ను కలవాల్సిన గుర్తులు

మనసుకు చికిత్స మొదలుపెట్టే ముందు ప్రమాదకరమైన జబ్బులు లేవని తేల్చుకోవాలి. కింది గుర్తుల్లో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదు.

- మూత్రం, మలం ఆపుకోలేకపోవడం, లేదా మూత్రం ఆగిపోవడం
- తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం
- కాళ్లలో బలం తగ్గిపోతుండడం
- జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం
- క్యాన్సర్ ఉన్నవారికి, గతంలో వచ్చినవారికి కొత్తగా నడుము నొప్పి రావడం
- కింద పడిన తర్వాత, ప్రమాదం తర్వాత మొదలైన నొప్పి
- విశ్రాంతిగా పడుకున్నా తగ్గని, రాత్రిళ్లు పెరిగే నొప్పి

మొదటి మూడు ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మన దేశంలో వెన్నెముకకు టీబీ రావడం అరుదేమీ కాదు. నడుము నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష తప్పనిసరి. టీబీకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.

ఎవరిని కలవాలి?

మొదట ఎముకల డాక్టర్ లేదా జనరల్ ఫిజీషియన్. ప్రమాదం లేదని తేలాక ఫిజియోథెరపిస్టు, దానితో పాటు క్లినికల్ సైకాలజిస్టు. సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉందా అని అడగవచ్చు. అది రోగి హక్కు. బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో, పెద్ద ఆసుపత్రుల నొప్పి క్లినిక్‌లలో కూడా విచారించవచ్చు. సైకియాట్రిస్టు కొన్నిసార్లు డిప్రెషన్ మందుల్లో ఒకటి రాస్తారు. వాటిలో కొన్ని నరాల నొప్పి సంకేతాలను కూడా తగ్గిస్తాయి కాబట్టి రాస్తారు తప్ప, రోగికి పిచ్చి అని కాదు.

నొప్పితో విసిగి ‘ఇక బతకడం ఎందుకు’ అన్న ఆలోచన వస్తే దాన్ని దాచుకోకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు.

మొదటిసారి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు విషయాలు రాసుకుని వెళ్తే సమయం కలిసివస్తుంది. నొప్పి ఏ పనితో పెరుగుతోంది, ఏ పనితో తగ్గుతోంది. నొప్పి వల్ల మానేసిన పనులు ఏవి. వాటిలో మళ్లీ మొదట ఏది చేయాలనుంది. ఈ మూడో ప్రశ్నకు రాసిన జవాబు దగ్గరే చికిత్స మొదలవుతుంది.